నేరేడులంక సున్నా

నేరేడులంక బడిలో పిల్లలకి చదవడం వచ్చు. ఆ బడికి వచ్చిన కష్టమంతా అక్కడే మొదలైంది.

ఒకరిద్దరికైతే ఎలాగో సర్దుకుపోయేవారు. అందరికీ వచ్చు. ఐదో తరగతి వాళ్ళయితే ఎరువు బస్తా మీద రాసిందీ, పురుగుమందు డబ్బా మీద రాసిందీ, ఓట్లప్పుడు పంచిన కాగితాల మీద రాసిందీ గడగడా చదివి పెద్దవాళ్ళకి చెప్పేస్తారు. ఇంత ఘోరానికీ కారకురాలు దొమ్మేటి మంగతాయారు టీచరు. ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్ ఆవిడే, మిగతా టీచర్లూ ఆవిడే, గంట కొట్టేదీ ఆవిడే. లంకకి కాపురానికి వచ్చిన నాటి నుంచీ అక్కడే పాతుకుపోయింది. పైకి బదిలీ అడగమంటే, "పడవెక్కితే నాకు కడుపులో తిప్పేస్తదండి, నన్నొదిలెయ్యండి బాబూ" అనేది. నిజమే. గోదావరి పాయ దాటాల్సి వస్తే చెంగున కట్టుకున్న చింతపండు ఉండ నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అవతలి రేవు వచ్చిందని ఎవరైనా చెప్పేదాకా తెరిచేది కాదు.

ఇలా ఉండగా విద్యాశాఖవారికి పిల్లల ఎదుగుదల మీద ప్రేమ పుట్టింది. ఏ బడి బాగా చెబుతోందో తేల్చాలంటే పిల్లలకి ఎంత వచ్చో చూస్తే చాలదనీ, ఏడాదిలో ఎంత పెరిగిందో చూడాలనీ ఎవరో ఎక్కడో అన్నారు. మాట సబబైనదే. సబబైన మాట శాఖ చేతిలో పడింది, ఇక చెప్పేదేముంది!

జూన్‌లో ఒక పరీక్ష, మార్చిలో ఒక పరీక్ష. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది వికాసాంతరం. అది పదికి తగ్గితే ఆ బడి నిద్రాణ పాఠశాల. నిద్రాణ పాఠశాలను దగ్గరలో ఉన్న చలనశీల పాఠశాలలో కలిపేస్తారు.

మొదటి ఏడాది లెక్కలు వచ్చాయి. నేరేడులంక పిల్లలకి జూన్‌లో తొంభై నాలుగు, మార్చిలో తొంభై ఏడు. వికాసాంతరం మూడు. అవతలి ఒడ్డున ఉన్న కోటిరేవు బడిలో జూన్‌లో పదకొండు, మార్చిలో ముప్ఫై తొమ్మిది. అక్కడి హెడ్‌మాస్టరు కామేశం గారు మంచి మనిషి, ఎవరినీ నొప్పించడు. ముఖ్యంగా పిల్లల్ని నొప్పించడం ఇష్టంలేక వారంలో చాలా రోజులు బడికే రాడు. జిల్లా సభలో ఆయనకి శాలువా కప్పారు. మంగతాయారు టీచరుని మాత్రం సంజాయిషీకి పిలిచారు.

వికాస గణన ఉపసంచాలకులు చక్రధరరావు గారు కుర్రవాడు, కడిగిన గ్లాసులా ఉంటాడు, ల్యాప్‌టాప్ మూసి మాట్లాడగా ఎవరూ చూడలేదు. కోపం లేదు, లంచం లేదు, మొహంలో కపటం లేదు. అలాంటివాళ్ళతోనే పేచీ.

"మేడమ్, మీ విద్యార్థులు జూన్ నాటికే తొంభై నాలుగు వద్ద స్థిరపడి ఉన్నారు. మరి మీ ప్రమేయం వల్ల సంభవించిన వికాసం ఏది?" అన్నాడు.

ఆ తొంభై నాలుగూ తన ప్రమేయమేననీ, నిరుడూ అంతకు ముందూ గొంతు పోయేలా చెబితే వచ్చినవేననీ ఆవిడ మనవి చేసుకుంది.

"గతం మా పరిధిలోకి రాదు మేడమ్. మాపనం ప్రారంభమైన తేదీకి పూర్వం విద్యార్థికి ఏమి వచ్చినా, దానిని సహజ వనరు కింద పరిగణిస్తాము."

ఇంకొక్క ఏడాది గడువిచ్చారు. అప్పటికీ అంకె కదలకపోతే నేరేడులంక బడిని కోటిరేవు బడిలో కలిపేస్తారు.

ఈ కబురు లంకలో చెప్పగానే బడి కమిటీ చైర్మన్ గుత్తుల ఏడుకొండలు అరటితోటలోంచి కత్తి పట్టుకునే వచ్చేశాడు. ఆయన మనవరాలు అమ్ములు ఐదో తరగతి, మనవడు బుజ్జిగాడు ఈ ఏడే ఒకటో తరగతి. వానాకాలంలో ఆ పాయ ఎలా తిరుగుతుందో లంకవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్ళే పడవ అంచు పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటారు.

"మా బుజ్జిగాణ్ణి రోజూ పడవెక్కించనండి టీచరుగారూ. చదువు లేకపోతే పోయిందండి, పిల్లోడుండాలి కదండీ" అన్నాడు ఏడుకొండలు. ఆ మాటే లంకంతా అంది. అంటే బడి గోదావరి దాటిన రోజున పిల్లల చదువు ఇవతలే ఆగిపోతుందన్నమాట.

మర్నాడు మంగతాయారు టీచరు సిగ్గు చంపుకుని కామేశం గారిని అడిగింది, మీరెలా సాధించారండీ అని. ఆయన దాచుకోలేదు. "మీకు తొందరెక్కువ తాయారుగారూ. వచ్చిన పిల్లకి వచ్చినట్టు చెప్పేస్తారు. జూన్‌లో పిల్లోడికి ఏమీ రాకూడదండి. అదేనండి మన పెట్టుబడి" అన్నాడు.

పిల్లలకి వచ్చింది రాకుండా చెయ్యడం ఎలా? అది ఏ శిక్షణలోనూ చెప్పలేదు. ఆలోచించి ఆలోచించి ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. జూన్ పరీక్షలో ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులిస్తారు, ఒకటి ఒప్పు. ఆ ఒక్కటీ తప్పించి ఏదైనా పెట్టాలి. వినడానికి తేలికే గానీ, ఒప్పేదో తెలిస్తేనే కదా తప్పించుకునేది! గుడ్డిగా పెడితే ఎక్కడో అక్కడ ఒప్పు తగిలి కూర్చుంటుంది. కాబట్టి తప్పు రాయించడం కోసం ఆవిడ ఆ వేసవి సెలవుల్లో ముందెన్నడూ చెప్పనంత శ్రద్ధగా పాఠాలు చెప్పింది. రెండో తరగతి వాళ్ళకి కూడా భాగహారం వచ్చేసింది. నేరేడులంక బడి చరిత్రలో అంతటి చదువు ఎప్పుడూ జరగలేదు, సున్నా కోసం.

పరీక్ష రోజున అమ్ములు ఒక్కతే మొండికేసింది. తెలిసి తెలిసి తప్పు పెట్టడానికి దానికి చెయ్యి రాలేదు. పెన్సిలు పట్టుకుని బొటబొటా కన్నీళ్ళు కార్చింది. మంగతాయారు టీచరు పక్కన కూర్చుని, నువ్వు ఒప్పు పెడితే మీ తమ్ముడు పడవెక్కాలే తల్లీ అంది. అమ్ములు కళ్ళు తుడుచుకుని అన్నీ తప్పులు పెట్టింది. తరవాత బోరింగు దగ్గరికెళ్ళి చేతులు కడుక్కొచ్చింది.

ఫలితం వచ్చింది. బడి మొత్తానికి సున్నా. ఒక్కడంటే ఒక్కడికి ఒక్క మార్కు కూడా లేదు.

చక్రధరరావు గారు బృందంతో సహా పడవ దిగి వచ్చారు. వచ్చిన వారిలో మండల విద్యాధికారి ఒకాయన పాత లెక్కల మాస్టారు. కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినా నాలుగింట ఒకటి తగలాలి కదండీ, పైగా మార్చిలో వీళ్ళకే తొంభై ఏడు కదండీ అని నసిగాడు.

"వేసవి క్షయం" అన్నారు చక్రధరరావు గారు. "ఈ ప్రాంతపు ఎండలలో తొంభై ఏడూ ఆవిరైపోయాయి. రాష్ట్రంలో ఇంతటి నిర్మలమైన ప్రారంభ బిందువు నేనెక్కడా చూడలేదు. దీనిని పదిలంగా కాపాడుకోవాలి."

పిల్లలందరికీ లడ్డూలు పంచారు. బడి గుమ్మానికి పూలదండ కట్టి, ఫొటో దిగారు. వెళ్తూ వెళ్తూ గోడకి ఒక పెద్ద పటం తగిలించారు. అందులో జూన్ నుంచి మార్చికి, సున్నా నుంచి వందకి, తిన్నగా ఒక ఎర్ర గీత. పిల్లలు ఆ గీత వెంటే పెరగాలి. అక్షరాలు ఆగస్టు, మాటలు సెప్టెంబరు, గడియారం నవంబరు, భాగహారం ఫిబ్రవరి. గీత కింద ఉంటే టీచరుకి శిక్షణ. గీత పైన ఉంటే అది అకాల వికాసం, టీచరుకి మెమో.

అప్పటి నుంచీ నేరేడులంకలో చదువు దొంగసారా కాసినట్టు సాగింది. తలుపులు వేసుకుని పాఠం చెప్పేవారు. రేవు పక్కనే ఏడుకొండలు అరటితోట. కోటిరేవులో బూట్లు వేసుకున్న మనిషెవడైనా పడవెక్కితే, ఆయన ఎర్ర తువ్వాలు జాడించేవాడు. తువ్వాలు ఆడిందంటే పుస్తకాలన్నీ మధ్యాహ్న భోజనం వండే గుండిగలోకి పోయేవి. పిల్లలు బెంచీలెక్కి అల్లరి మొదలెట్టేవారు. బుజ్జిగాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టేవారు. వాడు ముక్కులో వేలు పెట్టుకుని అధికారుల వైపు చూసే చూపులో ఏ పరీక్షా కనిపెట్టలేనంత అమాయకత్వం ఉండేది. వచ్చినవాళ్ళు, ఆహా, కచ్చితంగా గీత మీదే ఉన్నారు అని మురిసిపోయి వెళ్ళేవారు.

ఆగస్టులో ఒకనాడు చక్రధరరావు గారు ఒంటరిగా తనిఖీకి వచ్చారు. గోదావరి అప్పటికే ఎర్రబారి సుళ్ళు తిరుగుతోంది. వరద పెరుగుతోంది సార్, పెందలాడే వెళ్ళిపోండి, ఆఖరి పడవ ఎన్నింటికో రేవులో బోర్డు మీద రాసే ఉంటారు అని మంగతాయారు టీచరు చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. పిల్లల్ని పరీక్షించడానికి ఇంత మంచి సందర్భం మళ్ళీ దొరకదనుకున్నాడేమో, అమ్ముల్ని పిలిచి, రేవుకి వెళ్ళి బోర్డు చూసి రమ్మన్నాడు.

అమ్ములు పరిగెత్తుకెళ్ళి పరిగెత్తుకొచ్చింది. వచ్చి నిలబడి టీచరు మొహం చూసింది. టీచరు నోరు తెరవబోయింది.

"ప్రేరేపించకండి మేడమ్, డేటా కలుషితమవుతుంది" అన్నారు చక్రధరరావు గారు. "చెప్పమ్మా, ఏం రాసి ఉంది?"

"ఏదో రాసుందండి. మాటలు సెప్టెంబరులోనండి" అంది అమ్ములు.

"పోనీ, ఈ గడియారంలో ఇప్పుడెంతయింది?"

"గడియారం నవంబరులోనండి."

ఆయన, ఇంతటి క్రమశిక్షణాయుతమైన అజ్ఞానం తన సర్వీసులో ఎరగననుకుంటూ ల్యాప్‌టాప్‌లో టకటకా కొట్టుకున్నాడు. కొట్టుకుంటూ ఉండగానే రేవులో మోటారు చప్పుడు వినిపించింది. అది దూరమై, దూరమై, ఆగిపోయింది. ఆఖరి పడవ వెళ్ళిపోయింది.

నేరేడులంక బడి మేడ వరదలప్పుడు జనం తలదాచుకోవడానికి కట్టిందే. సాయంత్రానికి నీళ్ళు అరటితోటల్లోకి వచ్చాయి. తెల్లారేసరికి లంకంతా మేకలతో, కోళ్ళతో, ముసలివాళ్ళతో ఆ మేడెక్కింది. చక్రధరరావు గారికి గోడవారగా ఒక బెంచీ ఇచ్చారు. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగు అయిపోయింది. పుట్టిన తరవాత మొదటిసారి ఆయనకి ఎదుటి మనుషుల్ని చూడ్డం తప్ప వేరే పని లేకపోయింది.

అంత గోలలో గీత ఎవరికి గుర్తుంటుంది? హెలికాప్టరు పడేసిన పాలపొట్లాలు ఎన్ని, ఇళ్ళెన్ని, చంటిపిల్లలున్న ఇళ్ళెన్ని అని నాలుగో తరగతి వాళ్ళు ముగ్గుపిండితో నేల మీద భాగహారం వేసి పంచేశారు. ఫిబ్రవరి భాగహారం ఆగస్టులోనే పడిపోయింది. ఫోన్లకి వచ్చిన వరద కబుర్లు మూడో తరగతి వాళ్ళు చదివి వినిపించారు. అమ్ములు ముసలమ్మల మాత్రల అట్టలు చదివి, పొద్దుటివి ఇవి, రాత్రివి ఇవి అని వేరు చేసింది. చక్రధరరావు గారు ఆకలికి ఆగలేక సంచీలోంచి బిస్కట్ ప్యాకెట్ తీస్తే, దాన్ని చేతిలోంచి లాక్కుని తిప్పి చూసింది.

"ఇవి తినకండి సార్. పోయిన నెల్లోనే డేటు అయిపోయిందండి" అంది.

ఆయన దాని వంక చూశాడు. చుట్టూ పిల్లల వంక చూశాడు. అయిపోయింది, అంతా బయటపడిపోయింది, రేపో మాపో తాళం వేసేస్తారు, బుజ్జిగాడు పడవెక్కాల్సిందే అనుకుంది మంగతాయారు టీచరు. ఇంతా అయ్యాక దాచి ఏం లాభం? దగ్గరికెళ్ళి నిలబడింది.

"మేడమ్," అన్నాడాయన, "నీరు రాక పూర్వం ఈ బాలిక సున్నా. నా సమక్షంలో నిరూపితమైంది. నీరు వచ్చింది. ఇప్పుడు వంద. మధ్యలో మారినదేమిటి?"

"ఏమీ మారలేదండి. ఆ సున్నా నేనే నేర్పానండి. దానికి ఎప్పటినుంచో వచ్చండి. అందరికీ వచ్చు."

"మీ వినయం ప్రశంసనీయం. కానీ ఆ సంగతి డేటాలో లేదు. మారినది ఒక్కటే మేడమ్. నీరు."

వరద తీసింది. ఆయన్ని పడవలో ఎక్కించి పంపేశారు. వరదలో ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదని లంకవాళ్ళు సంతోషించారు గానీ, అది కాస్త తొందరపాటు.

శాఖలో జలప్రేరిత వికాసం అనే కొత్త పథకం మొదలైంది. నది లేని ఊళ్ళలో బడి ఆవరణలోకి ట్యాంకర్లతో నీళ్ళు వదిలి, పిల్లల్ని మేడ మీద కూర్చోబెట్టమన్నారు. మేడ లేని బడుల్లో బల్లల మీద నిలబెట్టమన్నారు. ఎక్కడో మెట్ట ప్రాంతపు హెడ్‌మాస్టరు ఒకాయన, మా బడిలో తాగడానికి నీళ్ళు లేవు, ఆ ట్యాంకరులోంచి బిందెడు పట్టుకోవచ్చా అని రాశాడు. వికాస జలమును పానమునకు వినియోగించరాదు అని జవాబొచ్చింది.

దసరా సెలవులయ్యాక నేరేడులంకకి ఉత్తర్వు వచ్చింది. నేరేడులంక బడిని మూయడం లేదు. రాష్ట్రంలోకెల్లా చలనశీల పాఠశాల అదే. కాబట్టి నది ఒడ్డునే ఉండి కూడా తడవని కోటిరేవు బడిని నేరేడులంక బడిలో విలీనం చేశారు.

లంకలో డప్పులు మోగాయి. ఏడుకొండలు పచ్చి అరటిగెల తెచ్చి టీచరు కాళ్ళ దగ్గర పెట్టాడు. మంగతాయారు టీచరు ఉత్తర్వు మళ్ళీ చదువుకుంది. బడి ఇక్కడికి వస్తే పిల్లలెలా వస్తారు? చక్రధరరావు గారికి ఫోను చేసి, పసిపిల్లలు రోజూ ఆ పాయ దాటాలండీ అని మొత్తుకుంది.

"ఆ దాటడమే బోధన మేడమ్" అన్నాడాయన.

మొదటి రోజున రేవులో లంకంతా నిలబడింది. పడవ వచ్చింది. ముందు కామేశం గారు దిగాడు, శాలువా తల చుట్టూ చుట్టుకుని, మొహం తెల్లగా పాలిపోయి. వెనక పిల్లలు. సగంమంది వాంతులు చేసుకుని ఉన్నారు. ఒకటో తరగతి పిల్ల ఒకతి పడవ అంచు పట్టుకున్న పట్టు వదల్లేదు. మంగతాయారు టీచరు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఎత్తుకుంది. అవతలి ఒడ్డున తల్లులు బారుగా నిలబడి ఉన్నారు. ఇంత దూరం నుంచి మొహాలు కనబడవు. కదలకుండా నిలబడ్డారని మాత్రం తెలుస్తోంది.

అమ్ములు వచ్చి టీచరు చెంగు పట్టుకుంది.

"టీచరుగారండీ, మా తమ్ముడు పడవెక్కకూడదనే కదండీ నేను తప్పులు పెట్టాను?"

"అవునమ్మా."

"మరి వీళ్ళెవరి తమ్ముళ్ళండీ?"

టీచరు చంకలో ఉన్న పిల్లని తీసుకెళ్ళి మళ్ళీ పడవలో కూర్చోబెట్టింది. మిగతా పిల్లల్నీ ఎక్కించింది. కామేశం గారిని మాత్రం ఎక్కనివ్వలేదు. మీరు ఇక్కడ ఎక్కాలు చెప్పించండి, ఏమీ రాని మీవాళ్ళకి నేను అక్కడ చెబుతాను, పడవెక్కితే మనం ఎక్కుదాం, పిల్లలెందుకు అంది. చెంగు తడుముకుంటే చింతపండు ఉండ లేదు. కంగారులో ఇంటి దగ్గరే మర్చిపోయింది. అయినా ఎక్కి కూర్చుంది. ఒళ్ళో ఉన్న పిల్లని పట్టుకోవాలి గనక ఈసారి కళ్ళు మూసుకోవడానికి కుదర్లేదు.

అలా రోజూ సాగింది. పొద్దున ఆవిడ అటు, ఆయన ఇటు. మధ్యాహ్నం తిరిగి ఆవిడ ఇటు, ఆయన అటు. ఉద్యోగంలో చేరాక కామేశం గారు రోజూ బడికి రావడం అదే మొదలు. కోటిరేవు బడికి శాఖవారు వేసిన తాళం అలాగే ఉంది. పిల్లలు వెనక కిటికీలోంచి ఎక్కేవారు, టీచరునీ చెయ్యిచ్చి ఎక్కించేవారు.

ఒకనాడు చక్రధరరావు గారు లంకకి వెళ్దామని కోటిరేవులో పడవ కోసం నిలబడ్డారు. ఏడుకొండలు తువ్వాలు అవతలి ఒడ్డున ఉండిపోయింది, ఇక్కడ హెచ్చరించే దిక్కు లేదు. విలీనమైనది అని బోర్డు వేలాడుతున్న బడి తలుపు వెనక నుంచి పన్నెండో ఎక్కం వినిపిస్తోంది. ఆయన ఆగిపోయాడు. తాళం లాగి చూశాడు. గట్టిగానే ఉంది. లోపల మంగతాయారు టీచరు తలుపు సందులోంచి చూసి నోటి మీద వేలు పెట్టింది. పిల్లలు మంచి ఊపు మీదున్నారు, ఆగలేదు. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు దాకా చెప్పి గాని వదల్లేదు.

ఆయన మెట్టు మీద కూలబడి, చాలాసేపు విని, ల్యాప్‌టాప్ తెరిచాడు.

వారం తిరక్కుండానే కొత్త సర్క్యులరు వచ్చింది. తెరిచి ఉన్న పాఠశాలల కంటే మూసివేసిన పాఠశాలలలో వికాసం అధికంగా నమోదవుతున్నందున, ఉత్తమ పాఠశాలలను ప్రాధాన్య క్రమంలో మూసివేయవలెను. మొదటి పేరు నేరేడులంక.

తాళం తెచ్చిన బంట్రోతుకి లంకవాళ్ళు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. గోడ మీది గీత పటం శాఖవారి ఆస్తి గనక అతను దాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, తలుపుకి తాళం వేసి వెళ్ళిపోయాడు. మంగతాయారు టీచరు వరండా మెట్ల మీద కూర్చుండిపోయింది. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. పడవ అవతలికి చేరిందని చూసుకుని వచ్చి, ఏడుకొండలు ఎర్ర తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఏంటండి టీచరుగారూ అలా కూర్చుండిపోయారు? మూసేసిన బడికి ఇంక తనిఖీకి ఎవడొస్తాడండీ?" అన్నాడు.

టీచరు ఆయన వంక చూసింది. తాళం వంక చూసింది. లేచి చెంగు దులుపుకుంది.

కిటికీ దగ్గర బుజ్జిగాడు ముందు ఎక్కాడు. అమ్ములు వంటపాకలోకి వెళ్ళి గుండిగలోంచి పుస్తకాలు తీసుకొచ్చి అందరికీ పంచింది. వాటిని మళ్ళీ దాచాల్సిన పని పడలేదు.